ఊరేగింపు దారి

రేపు ఊరి చర్చిలోని సాన్ రోకె స్వామి ఊరేగింపు. నల్లగా నిగనిగలాడుతూ వచ్చిన కొత్త తారు, ఎదువిహెస్ ఉండే వీధి మొదట్లో కత్తితో కోసినట్టు ఆగిపోయింది. మునిసిపాలిటీ మేస్త్రీ పారలు సర్దిస్తుంటే ఆమెకు ఒళ్లు మండి, లారీకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"మా వీధి ఏం పాపం చేసిందయ్యా?"

"స్వామి ఇక్కడినుంచి అటు తిరిగిపోతాడమ్మా. ఆయన వెళ్లే దారి వరకే వేయమన్నారు."

"తారు స్వామికా, మీ మేయర్ అరికాళ్లకా? మొక్కుబడని ఏటా పల్లకీ వెనక చెప్పుల్లేకుండా నడిచేది ఆయనేగా."

"నాకెందుకొచ్చిన గొడవ. తప్పుకో, లారీ పోవాలి."

"మా వీధి గుంతలో పడే మా ఆయన కాలు విరిగింది."

"చూసుకుని నడవొద్దా మరి?"

"పల్లకీకి ముందు భుజం పట్టేది ఆయనే."

"ఈ ఏడు ఇంకొకడు పడతాడులే."

"పడతాడు. కాని మోసేవాళ్లంతా నిన్న మా ఇంటికొచ్చి ఒక మాట అనుకున్నారు. మా ఆయన స్వామి దగ్గరికి రాలేడు కాబట్టి, స్వామినే మా గుమ్మం దాకా తెస్తారంట. ఫాదర్ గారు కూడా సరేనన్నారు."

మేస్త్రీ కంకర తేలిన ఆ వీధిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"మేయర్ గారికి తెలుసా?"

"నువ్వే చెప్పు. చెప్పులేసుకొస్తే మాత్రం జనం ఊరుకోరని కూడా చెప్పు."