మా నాన్న రేడియోలు

ఇంటర్వ్యూ గది బయట మెట్ల మీద ఇద్దరు కూర్చున్నారు. ఇంటింటికీ తిరిగి ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ, ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి.

"నువ్వూ ఈ టీచరు ఉద్యోగానికే వస్తున్నావని నిన్న పాఠంలో మాటవరసకైనా అనలేదేం?"

"చెబితే బాధపడతారని, మేడమ్."

"ఇప్పుడు పొంగిపోతున్నాననుకున్నావా? లోపల ఏం చెప్పావు?"

"ఇంగ్లీషు ఎలా వచ్చిందని అడిగారు. మా నాన్న రేడియోలు బాగుచేసేవాడనీ, ఆయన బల్ల కింద కూర్చుని వార్తలు వింటూ నేర్చుకున్నాననీ..."

"మీ నాన్న లారీ డ్రైవరు కదే!"

"మీ కథని 'నేను, నేను' అంటూ రోజూ నాచేత చెప్పించింది మీరేగా, మేడమ్."

"ఏం మాట్లాడాలో తెలీదని నోరు మూసుకుని కూర్చునేదానివి. నోరు తిరుగుతుందని నా కథ అరువిచ్చాను తల్లీ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టమని కాదు. నీ వెనకాలే వెళ్లి నేనూ అదే చెప్పాను. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. 'ఇందాకటి అమ్మాయి ఇంకా బాగా చెప్పింది' అని నవ్వాడొకాయన. మా నాన్నని నేనే దొంగిలించినట్టు తలదించుకుని బయటికొచ్చాను."

"మిమ్మల్నీ అదే అడుగుతారనుకోలేదు, మేడమ్."

"నీకూ ఓ నాన్న ఉన్నాడుగా. ఆయన గురించి చెప్పుకోవడానికి నామోషీ అయిందా?"

"లేదు మేడమ్. ఆయన గురించే చెబుదామని వెళ్లాను. నోరు తెరిస్తే మీ నాన్నే వచ్చాడు. మా నాన్న గురించి ఇంగ్లీషులో ఒక్క ముక్కయినా మీరెప్పుడూ నాచేత చెప్పించలేదు."