ముడేసిన దిండు గలీబు

వాషింగ్ మెషిన్ గొట్టంలోంచి లాగిన గడ్డీ బొచ్చూ ముద్దని పెరటి గట్టు మీద పెట్టి, మెకానిక్ నందిగామ బస్సుకి వెళ్లిపోయాడు. చిన్నకోడలు దాన్నింకా చూస్తూ ఉండగానే పెద్దకోడలు మాట అందుకుంది.

“చూడు! నీ ఎలకల పక్కబట్టలు మెషిన్‌ని ఎలా నాశనం చేశాయో!”

“ఎలకలు కాదక్కా, నేను పెంచుకునే గినీ పిగ్‌లు.”

“ఏవైతేనేం! వాటి బోనులో పరిచే ఆ ఫ్లీస్ బొచ్చు దుప్పట్లు ఇందులో వెయ్యొద్దన్నానా లేదా?”

“డాబా మీద దులిపి, బ్రష్షుతో గీకి, గడ్డి బయటికి రాకుండా దిండు గలీబులో కుక్కి మూతి ముడేసి మరీ వేస్తున్నా. ఏడాదిగా ఎప్పుడన్నా గొట్టంలో అడ్డం పడిందా?”

“ఆ తెలివి గురించే చెప్పాలి! మూటగట్టి ఉతికితే మురికెలా పోతుందే? మొన్న నువ్వు మెషిన్ వేసి స్కూలుకెళ్లిపోతే, నేనే ఆపి, ముడి విప్పి, అన్నీ విడివిడిగా వేశా. నేను లేకపోతే ఈ ఇంట్లో ఒక్క పనీ జరగదు.”

చిన్నకోడలు ఆ తడి ముద్దని తీసి తోడికోడలి అరచేతిలో పెట్టింది.

“నిజమేనక్కా. నువ్వు లేకపోతే ఇది కూడా జరిగేది కాదు.”