పంటి గాటు

1947. సిద్దిపేటకు దగ్గరి ఒక ఊళ్లో, దొర గడి వెనక కుక్కల కొట్టం. వేటకుక్కను సాకే వెట్టిమనిషి ఇస్తారి దగ్గరికి పొద్దుగూకే వేళ పెళ్లాం ఐలవ్వ వచ్చింది.

“చెయ్యి పెట్టు. కరువది.”

“నాకొద్దు. దూరముండుమను.”

“గిది మన ఊరకుక్కల లెక్క కాదే. సికింద్రాబాదు లష్కర్ల తెల్లదొర సాకిండు. జాతి పేరు లాబ్రడారంట. కాళ్ళు చూడు, వేళ్ళ నడుమ తోలుంటది, బాతు లెక్క. చెరువుల ఎంత దూరమన్న ఈదుతది.”

“దాని కాళ్ళు చూడనీకి వచ్చిన్ననా నేను?”

“తోక చూడు, ఎంత మొద్దుగుందో. నీళ్ళల్ల గదే తెడ్డు.”

“ఓ నర్సింహ నాయినా, ఇటు చూడు. రేపు దొర పోలీసు అమీన్‌సాబును తీస్కొని గుట్టకు పోతుండంట గదా.”

“ఎవలు చెప్పిన్రు?”

“లచ్చవ్వ. నిన్న గడిల వాకిలి ఊడుస్తుంటె, ఎల్లుండని అనుకునుడు ఇన్నదంట. పొద్దంత నేను సిద్దిపేట దిక్కు నాట్లకు పోతిని, ఇప్పుడె వస్తుంటె చెప్పింది. ఈ కుక్కను గూడ తోలుకపోతరంట.”

“కౌజు పిట్టలకు గావచ్చు.”

“కౌజు పిట్టలకు అమీను వస్తడా? మన నర్సింహ సంఘంల కలిసి గుట్టల దాక్కున్నడని ఊరంత ఎర్క. నీకే ఎర్క లేనట్టు మాట్లాడ్తవేంది?”

“గిది మనుషుల పట్టే కుక్క కాదు. తుపాకి దెబ్బకు పడ్డదాన్ని ఏరుకొస్తది, గంతే. నోరు మెత్తన. కోడిగుడ్డు పెట్టినా పగలది.”

“దేనితోటి నేర్పినవు దీనికి?”

“జరాగు, దీనికి నీళ్ళు పెట్టనీ.”

“చెప్పవేంది?”

“వాసన పట్టిన గుడ్డ కావాలన్నడు దొర. గప్పుడు పిల్లగాడు ఇంట్లనే ఉండె. వాని రుమాల సగం చింపి, అండ్ల మాంసం ముక్క గట్టి ఇసిరేటోన్ని.”

“ఆ తక్కిన సగం వాడు నెత్తికి సుట్టుకునే గుట్టకు పోయిండు.”

“ఎర్కనే.”

“ఎర్కుండి…”

“ఇంత బువ్వ తిన్నవా?”

“నా బువ్వ సంగతెందుకు నీకు? ఇగో, గీ మూటల మాంసముంది. గన్నేరు పప్పు నూరి కలిపిన.”

“ఐలవ్వా.”

“రేపటికి ఇది లేవద్దు. దొర నీ తోలు తీస్తడు, తియ్యనీ. పుట్టినకాంచి దొరకు చేస్తనే ఉన్నం, ఒక్కటన్న మన పిల్లగానికి చేద్దాం. ఏస్తున్న చూడు.”

“ఏసుడు దండుగ.”

“పట్టింది. పట్టిందయ్యా… అగో, నీ దిక్కు వస్తుందేంది? మింగుతలేదేంది?”

“గట్లనే నేర్పిన. ఇసిరింది ఏదైన తెచ్చి నా చేతిల పెడ్తది. మాంసమైన సరే.”

“నువ్వు తినుమంటె తింటది గదా?”

“తింటది.”

“అను మరి.”

“గీడ కూసో జర.”

“కూసునేటందుకు రాలే. తినుమను. దీని మీదనా నీకు పాయిరం, కన్న కొడుకు కంటె?”

“దీనికేం తెలుసే. చెప్పిన పని చేస్తది. నా లెక్కనే.”

“నీ కాల్మొక్త, అను. ఇంక రాత్రంత ఉంది. పొద్దుగాల దొర వచ్చి చూస్తె ఇది సచ్చి ఉండాలె.”

“నర్సింహ అవ్వా…”

“ఏంది గట్ల చూస్తవు? అనవయ్యా. రేపు వాళ్ళు గుట్టెక్కుతె మన పిల్లగాడు…”

“రేపు కాదే. రేపని గడిల ఉత్తగనే అనిపిచ్చిన్రు. ఇయ్యాల్ల పొద్దుగాలనే పోయిన్రు, నన్ను గూడ తోలుకపోయిన్రు. తుపాకి పేలినంక దొర దీన్ని పొదలకు ఇడిసిండు. వాని నెత్తికున్న రుమాల నెత్తుటితోటి తెచ్చి నా చేతిల పెట్టింది. పంటి గాటు గూడ పడలే.”