స్తంభం వెనక చీకటి

చిత్తూరులో అక్క ఇంటి హాలు. తమ్ముడు కొత్త ప్రొజెక్టర్ సరిచేస్తున్నాడు. తెర మీద ఆమె పెళ్లి వీడియో నడుస్తోంది.

“శుభమా అని పెండ్లి వీడియో సూస్తా, గోడలకు నల్లగుడ్డలేందిరా?”

“తెల్లగోడల వెలుతురు తిరిగి తెరమీదనే పడతాది అక్కా. అందుకే నలుపంతా బూడిదరంగుగా ఉణ్ణింది. ఇప్పుడు సూడు.”

“అవున్రా. నా జడ ఇప్పుడు జడ మాదిరి నల్లగా ఉండాది.”

“ఉండు, నీడలో ఉండేది కూడా కనపడేట్టు చేస్తా.”

“మంటపంలో ఆ స్తంభం వెనక ఎవురురా?”

“యాడ?”

“ఆడ, తువ్వాలతో కండ్లు తుడుసుకుంటా ఉండాడు సూడు. నాయన కదూ?”

“నాయనే అక్కా. పెండ్లికి రాలేదనే కదా ఇన్నేండ్లూ నువ్వు మాట్లాడనిది.”

“ఆడనే ఆపి పెట్టు. నాయనకు ఫోను కలిపియ్యి.”