ఇనప బాన పొలిమేర దాటింది

"ఇంకొంచెం తొక్కరా! నత్తకైనా నీకంటే తొందరుంటుంది."

"ముందర ట్రాక్టరుందక్కా. దాని మీంచి ఎగిరిపొమ్మంటావా?"

"పదింటికి మీటింగు."

"పదింటికి మొదలవుతుందంతే. ముందు ప్రార్థన, ఆ తర్వాత పోయిన మీటింగులో ఏమనుకున్నారో చదవడం, దాని మీద ఓ దెబ్బలాట. ఓటు దాకా వచ్చేసరికి పదిన్నర దాటుతుంది."

"మా మీటింగు ఎలా జరుగుతుందో నీకెలా తెలుసు?"

"ఎక్కడైనా అంతే కదా!"

జులై నెల. అటూ ఇటూ మనిషెత్తు మొక్కజొన్న, మధ్యలో కంకర రోడ్డు. ఆరిన్ పాత ట్రక్కు కాల్డర్ స్టేట్ కాలేజీ వైపు వెళుతోంది. పక్కన అతని అక్క మార్లిస్ ఒళ్ళో కాగితాల సంచి పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆ కాలేజీ పాలకమండలి సభ్యురాలు. అక్కా తమ్ముడూ ఒకే బండిలో కూర్చుని ఆరేళ్ళయింది.

"అసలు పొద్దున్నే ఎందుకొచ్చావురా? నా కారు బానే ఉంది. నేను పిలవనూ లేదు."

"మా అక్కని చూడాలనిపించింది."

"ఆరేళ్ళుగా అనిపించనిది ఇవాళే అనిపించిందా? పైగా ఇస్త్రీ చొక్కా. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకోగా అమ్మ పోయిన రోజు చూశాను. మళ్ళీ ఇవాళ."

"ఏటా నవంబర్లో చూసుకుంటున్నాంగా."

"దాన్ని చూసుకోవడమంటారా? మన రెండూళ్ళ కాలేజీల మ్యాచ్ అయ్యాక, ఓడిన ఊరు గెలిచిన ఊరికి వండి వడ్డించడం అది. పోయినేడు మీ బ్రూల్ గెలిచింది. మీ చర్చి కింద గదిలో, గెలిచినవాళ్ళ దగ్గరుండే ఆ ఇనప బానలో, బీన్సూ మాంసం వేసి నేను చిల్లీ వండాను. గరిటె పట్టుకుని నీ గిన్నెలో పోశాను. నువ్వు తిని, 'ఉప్పు తగ్గిందక్కా' అన్నావు. ఏడాది మొత్తం మీద నాతో నువ్వన్న మాట అదొక్కటి."

"ఉప్పు తగ్గింది మరి."

"తగ్గలేదు."

"పక్కన దాల్చినచెక్క రొట్టె మాత్రం బాగుంది. అమ్మ చేసినట్టే ఉంది."

"అది అప్పుడు చెప్పుంటే నీ నోరేం అరిగిపోను?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

"వెనక ఏంట్రా ఆ ధడధడ?"

"జాకీ."

"జాకీ అలా మోగదు. ఏదో గంట కొట్టినట్టు మోగుతోంది. ఆపు, చూద్దాం."

"టైమైపోతోందని ఇప్పటిదాకా ప్రాణం తీసింది నువ్వే కదా! ఇదిగో, ట్రాక్టరు పక్కకి తీశాడు. పట్టుకో."

"నెమ్మది, నెమ్మది! ఓటేయడానికి పోతున్నాను, ఒరిగిపోడానికి కాదు."

"ఆ ఓటు సంగతే. మీ కాలేజీ ఆటల లీగు మారాలా వద్దా అన్నదాని మీద నాలుగూ నాలుగూ అయ్యిందటగా. తేల్చేది నువ్వేనటగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో."

"ఎవరో ఎవరు? మా తొమ్మిది మందికి తప్ప ఆ సంగతి బయటివాళ్ళకి తెలీదు. నా ఇంట్లోనే నేను చెప్పలేదు."

"ఊళ్ళో అనుకుంటున్నారక్కా."

"ఏ ఊళ్ళో? మీ ఊళ్ళోనా? మా ఓట్లు మీ ఊళ్ళో ఎందుకు లెక్కపెడుతున్నారు?"

"అడుగో, ఎదురుగా ఎవరో వస్తున్నాడు. పలకరింపుగా స్టీరింగు మీంచి వేలెత్తకపోతే పొగరనుకుంటాడు."

"ఎత్తావుగా. ఎదురొచ్చినవాడికి వేలెత్తితే నా ప్రశ్నకి జవాబు చెప్పినట్టు కాదు."

"అక్కా, ఒక్కటి చెప్పు. ఎటు వేస్తున్నావు?"

"చెప్పకూడదు."

"నాకు కూడానా?"

"నీకే చెప్పకూడదు. బ్రూల్ కాలేజీ మైదానంలో గడ్డి పెంచేవాడివి నువ్వు."

"ఇరవై ఏడేళ్ళుగా పెంచుతున్నా. మొన్న సముద్ర తీరం నుంచి ఒకాయన వచ్చాడు. వంగి గడ్డి ముట్టుకుని, 'ఇది నిజం గడ్డేనా' అన్నాడు. కాదు బాబూ, రోజూ పొద్దున్నే రంగేస్తున్నా అన్నాను. నమ్మాడు!"

"తీరం ఆయనకి మీ మైదానంలో ఏం పని?"

"దారి తప్పాడు పాపం. నీ చేతిలో అదేంటి, చదువుతున్నావు?"

"మా అధ్యక్షుడు రాసిచ్చాడు. 'మన కాలేజీకి తగిన చోటు' అని పేరు పెట్టాడు. పదహారు పేజీలు."

"పదహారు పేజీలు రాస్తే గానీ తెలీని చోటు మనకి తగిన చోటెలా అవుతుందక్కా?"

"వెటకారాలకేం, బానే ఉంటాయి. మన లీగులో పన్నెండు కాలేజీలుండేవి. నువ్వూ నేనూ చిన్నప్పుడు వరసగా పేర్లు చెప్పుకునేవాళ్ళం, పడుకునేముందు. ఇప్పుడు ఆరే మిగిలాయి. ఆ ఆరింట్లో రెండు ఎప్పుడు గోడ దూకుదామా అని చూస్తున్నాయి. టీవీ వాళ్ళు మన మొహం చూడటం లేదు. ఆట టీవీలో రాకపోతే పిల్లలు రారు. ఈ ఏడాది ఒక హాస్టలుకి పూర్తిగా తాళమేశాం. లోపల మంచాలు అలాగే ఉన్నాయి, మడతపెట్టిన దుప్పట్లతో సహా. నేనే వెళ్ళి చూశాను."

"అయితే?"

"అయితే ఏంటి? కాలేజీ పోతే మా ఊళ్ళో ఏం మిగులుతుంది? ధాన్యం గోదాం, చర్చి, రెండు పెట్రోలు బంకులు. తీరం లీగు వాళ్ళు రమ్మంటున్నారు. ఒక్కసారే పిలుస్తారు. పెళ్ళిచూపులు కాదు, వారం ఆగి చెప్తామనడానికి."

"మీ జొడీ సాఫ్ట్‌బాల్ ఆడుతోంది కదా?"

"ఆడుతోంది. మనవరాలి పేరెత్తితే కరిగిపోతాననుకోకు."

"మంగళవారం సాయంత్రం ఆట సముద్రం ఒడ్డున. అక్కడ తొమ్మిదైతే మనకి పదకొండు. ఆట అయ్యాక విమానం, ఆ తర్వాత బస్సు. బుధవారం ఎనిమిదింటికి లెక్కల పరీక్ష. అది ఆడుతుందా, చదువుతుందా, నిద్రపోతుందా?"

"...అది కూడా అదే అడిగింది నన్ను."

"నువ్వేమన్నావు?"

"విమానంలో పడుకోవచ్చులే అన్నాను."

"నీకే నవ్వొచ్చుంటుంది."

"ఏడుపొచ్చింది. ఆ ఫోనేంటిరా అస్తమానం మోగుతోంది? ఎత్తరాదూ?"

"ఎవరో టైర్లు అమ్ముతామని."

"నాలుగుసార్లా? ట్రక్కుకి నాలుగు టైర్లున్నాయని ఒక్కో టైరుకీ ఒక్కోసారి చేస్తున్నాడా?"

"అక్కా, నాన్న ఏమనేవాడో గుర్తుందా? లీగు గురించి."

"మొదలెట్టావూ..."

"పొద్దున పాలు పితికి బయల్దేరాలి, ఆట చూడాలి, సాయంత్రం పాలు పితికే వేళకి ఇంటికొచ్చేయాలి. అంత దూరంలో ఉన్నవాళ్ళే మన లీగు. అంతకన్నా దూరమైతే అది ఆట కాదు, ప్రయాణం అనేవాడు."

"నాన్నకి ఆవులున్నాయి. మనకెక్కడున్నాయి?"

"ఆవులు పోయినా దూరం అంతే ఉందిగా."

"మంచి మాటే. కానీ ఆ మాట పట్టుకుని లోపలికెళితే మా మండలిలో కుర్రాళ్ళు నవ్వుతారు. వాళ్ళందరి దగ్గరా బొమ్మలున్నాయి, గీతలున్నాయి. ఏ లీగులో ఉంటే ఎంతమంది చూస్తారు, ఎవరి పక్కన నిలబడితే పెద్దగా కనబడతాం..."

"ఎవరి పక్కన నిలబడినా మనం మనంతే ఉంటాం. నీకో మాట చెప్పనా? వాళ్ళు మనల్ని ఆడటానికి పిలవడం లేదు. ఓడటానికి పిలుస్తున్నారు. వాళ్ళకీ ఎవరో ఒకరు ఓడాలిగా."

"అదే నేనూ అనుకున్నాను. నోటితో అనలేదంతే."

"ఇక్కడైతే ఓడినా పక్కూరి వాడి చేతిలో ఓడతాం. మర్నాడు వాడికి చిల్లీ పోసి, ఉప్పు తగ్గిందంటే పడతాం. నువ్వు ఆ లీగుకి పోతే మ్యాచ్ ఉండదు. మ్యాచ్ లేకపోతే బాన ఉండదు. బాన లేకపోతే నువ్వూ నేనూ ఎప్పుడు కలుస్తాం చెప్పు? ఎవరి చావుకో కలవాలి."

"ఊరుకో."

"నిజం కాదా?"

"నిజమే. అందుకే ఊరుకోమంటున్నా. అమ్మానాన్నల పొలం అమ్మేద్దామన్నది నేనే. నువ్వు వద్దన్నావు. నువ్వు వద్దన్నాక కూడా నేను సంతకం పెట్టించాను. అమ్మ పోయి నలభై రోజులైనా కాలేదు. నీ చేతికి కలమిచ్చింది నేనే."

"అదిప్పుడెందుకు?"

"ఆరేళ్ళ నుంచి ఎప్పుడు చెప్పాలో తెలీక. నీ గిన్నెలో చిల్లీ పోసేటప్పుడల్లా చెప్దామనుకుంటాను. వెనక వరసలో జనం తోసుకొస్తారు."

ఆరిన్ ముక్కు ఎగపీల్చాడు.

"ఈసారి ఏడ్చేది నువ్వా? కళ్ళు తుడుచుకో, రోడ్డు కనబడాలి."

"దుమ్ము."

"అద్దాలెక్కించి ఉన్నాయిరా."

ట్రక్కు కాలేజీ గేటు దాటి రాతి మెట్ల ముందు ఆగింది. గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. మార్లిస్ తలుపు తీసింది గానీ దిగలేదు.

"విను. నేను వద్దనే వేస్తున్నాను."

"ఏంటి?"

"పాత లీగులోనే ఉండిపోదామని వేస్తున్నాను. ఆరుగురం ఉంటే ఆరుగురమే ఆడదాం. హాస్టలు తెరవడానికి వేరే దారి వెతుకుదాం. నా మీద ఊరంతా దుమ్మెత్తిపోస్తుంది, పోయనీ. ఎనిమిదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని చెయ్యెత్తమన్నప్పుడల్లా ఎత్తాను. ఇవాళ దించుతాను."

"అక్కా... ఒకసారి ఆలోచించుకున్నావా?"

"ఇంతసేపూ నువ్వు చెప్పింది నన్ను ఆలోచించమనే కదా! తీరా ఒప్పుకుంటే అలా తెల్లబోతావేం? వెనక్కెళ్ళి ఆ మోగేదేంటో చూస్తానుండు. ఏదీ, ఈ గోనెపట్టా తియ్యి... ఓరి దేవుడా! ఆరిన్!"

"కప్పెయ్ అక్కా."

"ఇనప బాన! మ్యాచ్ రోజు తప్ప బాన ఊరి పొలిమేర దాటకూడదు కదరా! తొంభై ఏళ్ళలో ఎవరూ దాటించలేదు. వరదలొచ్చినప్పుడు కూడా మీవాళ్ళు దాన్ని చర్చి గంట పక్కకి ఎక్కించారు గానీ ఊరు దాటించలేదు."

"తెలుసు."

"నాకు చూపించడానికి తెచ్చావా? ఒరేయ్ పిచ్చోడా! నా ఒక్క ఓటు కోసం బానని దొంగతనంగా ఎత్తుకొచ్చావా?"

"దొంగతనం కాదు."

"సరే పట్టు, ఆ చెవి నువ్వు పట్టుకో. లోపలికి తీసుకెళదాం. వాళ్ళ బొమ్మలూ గీతలూ పరిచిన బల్ల మీద, సరిగ్గా నడిమధ్యలో పెడతాను. ఇదీ మనకి తగిన చోటు అని చెప్తాను. బ్రూల్ వాళ్ళే రూలు తప్పి పంపించారంటే చూడండి, మనమంటే వాళ్ళకెంత ప్రేమో అని చెప్తాను."

"వద్దు. అలా చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు? పట్టు, టైమైపోతోంది."

"అక్కా, కింద పెట్టు. పెట్టేసి నా మాట విను."

"లోపలికొచ్చి చెప్దువుగానీ."

"లోపల చెప్పే మాట కాదు. బానని నేను అడిగి తేలేదు. నిన్న సాయంత్రం చెత్తడబ్బా పక్కన పెట్టుంటే తెచ్చాను."

"చెత్తడబ్బా పక్కనా? ఎవరు పెట్టారు?"

"మా ఆఫీసు వాళ్ళే. బాన పెట్టే అద్దాల బీరువా ఖాళీ చేశారు. కొత్త జెండాకి చోటు కావాలట."

"ఆరిన్, ఏం జెండారా?"

"పొద్దున్నుంచీ ఫోన్ చేస్తున్నది టైర్లవాడు కాదు, మా క్రీడల డైరెక్టరు. మీ అక్కని ఒప్పించి రా, లేకపోతే వచ్చే వసంతానికి నీ మైదానం దున్నించి కార్లు పెట్టుకుంటాం అన్నాడు. నేను చెప్పిన మాటలన్నీ నిజమే అక్కా. నాన్న మాట నిజం, బాన సంగతి నిజం, నిన్ను చూడాలనిపించడం కూడా నిజం. అన్నీ నిజాలే కాబట్టి చెప్పగలననుకున్నాను. నువ్వు ఆ కలం మాట ఎత్తకుండా ఉండాల్సింది."

"ఏం చెప్తున్నావురా నువ్వు?"

"తీరం లీగులో ఖాళీ ఒక్కటే ఉందక్కా. నువ్వు వద్దంటేనే అది మాకు."