ఇసుకలో బ్రేకు

మధ్యాహ్నం మూడు గంటలకు, సముద్రం ఒడ్డున వాలుకుర్చీలో పడుకున్న బస్సు డ్రైవరు కుడి మడమ కింద ఇసుకలో జానెడు గుంట పడింది. పక్క కుర్చీలోంచి భార్య దాన్ని చూసింది.

"మళ్ళీ తొక్కారు."

"ఏం తొక్కాను?"

"బ్రేకు. ఆ పిల్ల పరిగెత్తగానే మీ కాలు దిగింది. ఇందాక కుక్క వచ్చినప్పుడూ అంతే."

"అడ్డమొస్తే ఏం చెయ్యమంటావు?"

"కళ్ళు మూసుకోమంటాను. పెళ్ళయ్యాక మొదటిసారి సెలవు పెట్టి వచ్చాం. ఇవాళ హాయిగా నిద్రపోతానని మాటిచ్చారు. ఇంట్లో అయితే నిద్రలో కూడా నన్ను తంతారు."

"తన్నడం కాదే, అది బ్రేకు."

"ఇన్నేళ్ళూ బ్రేకునై కాపురం చేశానన్నమాట."

ఆయన నవ్వి కళ్ళు మూసుకున్నాడు. అల విరిగిన చప్పుడుకి మళ్ళీ తెరిచాడు.

"నావల్ల కాదే. బస్సునిండా జనాన్ని పెట్టుకుని కునుకు తీస్తున్నట్టుంది."

"అయితే కాలు తియ్యండి. డ్యూటీ నాకప్పగించండి."

"నీకు లైసెన్సేదీ?"

"ఇక్కడెవరు అడుగుతారు? జరగండి."

ఆమె కుర్చీని దగ్గరికి లాక్కుని, చెప్పు విడిచి, తన కుడికాలు ఆ గుంటలో పెట్టింది. ఆయన పక్కకి ఒత్తిగిలాడు.

"ఎడమ పక్క పిల్లలు బంతాడుతున్నారు, చూసుకో."

"చూశాను."

"బంతి వచ్చిందంటే వెనకాలే పిల్లాడొస్తాడు."

"ఇంట్లో రోజూ వింటున్నదేగా. పడుకోండి."

కాసేపటికి గురక మొదలైంది. తర్వాత ఎడమవైపు నుంచి బంతి దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనకాలే పిల్లాడు వచ్చాడు.

ఆమె మడమ ఇసుకలోకి గట్టిగా దిగింది. ఆయన లేవలేదు.