ముప్పై ఆరేండ్లకు ఎనిమిదో క్లాసు

ఏం మే, ఎముకల పేర్లు గుర్తుండడం లేదని ఏడస్తా ఉండావా? ఆ పుస్తకం రోంతసేపు మూసిపెట్టి ఇట్ల వచ్చి కూసో. చిక్కుడుకాయలు ఒలస్తా వినచ్చులే. నీ మాదిరే వైద్యం చదువుకు పోవాల్నని మా ఊరి మంత్రసాని తాయమ్మ కూడా పరీక్ష రాసింది, తెలుసునా? నా పక్క బెంచీలోనే కూసోని రాసింది. అప్పుడు నాకు పదమూడేండ్లు, ఆమెకు ముప్పై ఆరు. నవ్వద్దు మే, నిజం. ఆమె పోయి కూడా ముప్పై ఏండ్లు దాటిపోయినాయి, ఇప్పుడు చెప్పేదానికి నేనొకదాన్నే మిగిలినా.

పాకాల స్టేషనుకు రెండు మైళ్లు గదా మా ఊరు. తెల్లోళ్లు ఇంగా పోలేదు, యుద్ధం అప్పుడే అయిపోయింది. చుట్టూ నాలుగూర్లకు తాయమ్మే మంత్రసాని. మనిషి పొట్టి, మాట మాత్రం కంచుగంట. మొగుడు... పోయినాడనుకునేవు, పోలేదు. కోలారు గనుల్లో పనికని పోయి ఆడనే ఇంగో సంసారం పెట్టుకున్నాడు. అది వేరే కతలే. ఏం చెప్తా ఉండాను? ఆఁ, ఆమెకు చదువు మీద బుద్ధి పుట్టించిన మందు సీసా. పెద్దింటి దేవకమ్మ ఉన్నింది, ఆమె కోడలు మునిరత్నమ్మకు కానుపైన మూడో దినం జొరం పట్టుకునింది. చిత్తూరు నుంచి డాక్టరు సీసా పంపించినాడు, మింద చీటీ అంటించి. ఆ ఇంట్లో చదివేవాళ్లు లేరు. తాయమ్మ సీసా ఎత్తుకోని మా ఇంటికి ఉరికొచ్చింది. మా నాయన రాజారత్నం మిషన్ బడిలో అయ్యోరు గదా. మేమంతా పెండ్లికని చంద్రగిరికి పోయింటిమి. సాయంత్రం మేమొచ్చేదాకా తిన్నె మీద అట్లే కూసోని ఉండాది. నాయన చీటీ చదివి, 'ఇది తాగేది కాదు తాయమ్మా, ఒళ్లు తుడిచేది. తాగితే పేగులు కాలిపోతాయి' అన్నాడు. ఆమె మొగం సూడాల నువ్వు! 'అయ్యోరూ, తాపించేదానికి చెంచా కూడా కడిగి పెట్టొచ్చినా' అనింది. మునిరత్నమ్మ బాగైందిలే, ఏం కాలేదు. తాయమ్మ మాత్రం నాలుగు దినాలు సరిగ్గా సంగటి తినలేదు. ఐదో దినం వచ్చి, 'నాకు అచ్చరాలు నేర్పండి' అని కూసునింది.

నాయన నేర్పినాడు. రాయేలూరు, మీరు వెల్లూరంటారే, ఆ ఊరి ఆస్పత్రిలో కానుపుల పని నేర్పుతారు, ఎనిమిదో క్లాసు పాసయ్యింటే చాలని ఆయనే కనుక్కోనొచ్చినాడు. చదవడం తొందరగానే వచ్చేసింది గానీ లెక్కలు! గీత మీద ఒకటి, గీత కింద నాలుగు వేసి 'ఇదెంత?' అంటే బెల్లం కొట్టిన రాయి మాదిరి కూసునేది. ఒగనాడు నాయన విసుక్కోని 'పావు తాయమ్మా, పావు!' అన్నాడు. 'ఓరి దేవుడా, పావని ముందే చెప్పచ్చు గదా! ఇన్ని దినాలు గీతలు గీసి నా ప్రాణం తీసినారే!' అనింది. ఆ పొద్దు నుంచి భిన్నాలన్నీ పావు, అర, ముప్పావు. ఊర్లో మాత్రం ఎగతాళే. దేవకమ్మైతే రచ్చలో నిలబడి 'బిడ్డను పట్టేదానికి చేతులు గావాల గానీ అచ్చరాలెందుకు మే?' అనేది.

మూడేండ్లు చదివింది మే. పరీక్ష దినం చీకటితోనే లేచి, కొత్త కోక కట్టుకోని స్టేషనుకు నడస్తా ఉంటే ఎనకాల్నుంచి దేవకమ్మ కొడుకు ఉరుకుతా వచ్చినాడు. మునిరత్నమ్మకు రెండో కానుపు, బిడ్డ అడ్డం తిరిగింది. తాయమ్మ ఒగసారి స్టేషను దిక్కు సూసింది, తిరిగి నడిచింది. మజ్జాన్నానికి బిడ్డా తల్లీ దక్కినారు. రైలు పాయ, పరీక్షా పాయ. పుస్తకాలు తెచ్చి మా తిన్నె మీద పెట్టి, 'ఇంగ చాలు అయ్యోరూ' అనింది. మర్నాడు ఎవురొచ్చినారనుకుంటావు? దేవకమ్మ! ఆ పుస్తకాలు చంకన పెట్టుకోని పోయి తాయమ్మ ఒళ్లో పడేసి, 'నా ఇంటికోసరం నువ్వు పోగొట్టుకున్న ఏడాది, నేనే తిరిగి ఇప్పిస్తా. చదువు' అనిందంట.

ఇప్పించింది గూడా! మరుసటేడు పరీక్షలకు ముందే నాలుగూర్లు తిరిగి ఎవురెవురికి నెలలు నిండినాయో కనుక్కునింది. ఐరాల నుంచి ఇంగో ముసలి మంత్రసానిని పిలిపించి ఇంట్లో పెట్టుకునింది. ఆ ఏడు నాకూ అదే పరీక్ష. దేవకమ్మ బండి కట్టించి మమ్మల్ని ఎక్కించి, తానూ ముందర కూసునింది, కావిలికి. ఊరు దాటలేదు, ఎవురో 'తాయమ్మా, తాయమ్మా' అని బండికి అడ్డమొచ్చినాడు. 'ముసలామె మా ఇంట్లో సంగటి తింటా ఉండాది, పిల్చుకోని పో! తాయమ్మ ఈ పొద్దు ఊర్లో లేదు!' అని అరిసింది. తాయమ్మేమో ఆమె ఎనకాలే తల దించుకోని కూసోనుండాది!

చిత్తూరులో వాకిట్లోనే ఒగాయన ఆపేసినాడు. 'తల్లులంతా బయట కూసోవాలమ్మా' అని. తాయమ్మకు చెమట్లు కారిపోతా ఉండాయి. అయినా ఆ కంచు గొంతుతోనే, 'నేను తల్లిని కాదయ్యా, ఇరవై మూడో నెంబరును' అనింది. ఆయన చీటీ సూసి, ఆమెను సూసి, పక్కకు జరిగినాడు. ఇద్దరమూ పాసే, అయితే లెక్కల్లో ఆమెకు ముప్పై ఎనిమిది, నాకు ముప్పై ఏడు. నవ్వు, ఇప్పుడు నవ్వు! అయ్యోరి కూతురని నన్ను సూసి ఊరంతా నవ్వింది.

రాయేలూరికి పోయే దినం పాకాల ప్లాట్‌ఫారం నిండా ఆడోళ్లే. ఒగ చూలాలు ఆమె చెయ్యి పట్టుకోని, 'నా కానుపు ఎవురు చేస్తారు తాయమ్మా?' అని ఏడిసింది. తాయమ్మ రైలు మెట్టు మింద నుంచి ఒగ కాలు కిందికి దించేసింది మే, నేను సూసినా. దేవకమ్మ ఎనక నుంచి రెండు చేతుల్తో రైలు పెట్లోకి తోసేసింది. 'ఏడాదిన్నర మేం ఎట్లనో బతుకుతాం, పో!' అని. ఆమె కండ్లలో కూడా నీళ్లు. రైలు కదిలినాక తాయమ్మ కిటికీ కాడ కూసోని, వచ్చిన స్టేషనల్లా బోర్డు సూసి పేరు పైకి చదవతా పోయిందంట. పూతలపట్టు, చిత్తూరు, రామాపురం, బొమ్మసముద్రం... పక్కన కూసున్నోళ్లు, 'యాడ దిగాల్నమ్మా నువ్వు?' అంటే, 'ఇంగా శానా దూరం ఉండాది' అనిందంట...

...

లే మే. పొయ్యి మింద పాలు ఏమైనాయో సూడు పో.